పసిఫిక్ వేడి, మున్నేటి వరద
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వాతావరణ శాస్త్రవేత్తను కాను. కాలువలు, వంతెనలు కట్టే ఇంజనీరుని. అయినా ఇవాళ వాన గురించే మాట్లాడతాను. వాన గురించి సగం తెలిసి నేనిచ్చిన సలహా మా తమ్ముడికి నష్టం తెచ్చింది కాబట్టి.

2023 జూన్ 8న, మృగశిర కార్తె రోజుల్లో, ఎల్‌నినో మొదలైందని అమెరికా వాతావరణ సంస్థ ప్రకటించింది. నేను ఊరికి ఫోన్ చేసి, "ఈ ఏడు వానలుండవురా. మున్నేటి ఒడ్డున ఉన్న మోటారు పైకి తేవద్దు, నీళ్లకు కటకటగా ఉంటుంది" అన్నాను. అన్నని, పైగా ఇంజనీరుని. వాడు నమ్మాడు.

జులై చివరివారంలో మున్నేరు పొంగింది. ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి విజయవాడ, హైదరాబాద్ రాకపోకలు ఆగిపోవడం మీకందరికీ గుర్తే. మా మోటారు, పైపులు కొట్టుకుపోయాయి. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు ఎండగట్టింది. దేశం మొత్తం మీద 36 శాతం లోటు. 1901 నుంచి అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు లేదు. వరదలో మోటారు పోగొట్టుకున్నవాడే నెల తిరక్కుండా పత్తి చేలో నిలబడి మబ్బు కోసం చూశాడు.

నేనెక్కడ తప్పాను? మామూలు ఏడాదిలో పసిఫిక్ మీద గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తూ, పైనున్న వెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. అక్కడ గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. ఎల్‌నినోలో ఆ గాలులు నీరసపడతాయి. వెచ్చటి నీరు మధ్య, తూర్పు పసిఫిక్ వైపు జరుగుతుంది. గాలి లేచే చోటూ జరుగుతుంది. లేచిన గాలి ఎక్కడో దిగాలి కదా, మన వైపు దిగుతుంది. దిగే గాలిలో మబ్బు ఎదగదు.

1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖ అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, రుతుపవనాన్ని ముందే అంచనా వేయాలని దేశదేశాల వాయుపీడనం లెక్కలు పోగేశారు. పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుందని గమనించారు. అచ్చం మన ఏతం లాగే.

కానీ పసిఫిక్ ఒక్కటే చాలదు. 1997లో ఎల్‌నినో చాలా బలంగా వచ్చింది. అయినా దేశంలో వాన సగటు కంటే 2 శాతం ఎక్కువే పడింది. 2002లో అంతకన్నా బలహీనమైన ఎల్‌నినోకే జులై వాన సుమారు సగానికి పడిపోయింది. హిందూ మహాసముద్రంలోనూ ఇలాంటి ఊగిసలాట ఉందని 1999లో భారత, జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. ఆఫ్రికా వైపు నీరు వెచ్చబడి, సుమత్రా వైపు చల్లబడితే, మనకు వాన అవకాశం పెరుగుతుంది. 1997లో అది ఎల్‌నినో దెబ్బను కొంత కాచిందని పలువురి అభిప్రాయం.

ఈ రెండు సముద్రాలూ చెప్పేది సీజను మొగ్గు మాత్రమే. ఏ రోజు ఎక్కడ కురవాలో చాలాసార్లు తేల్చేది బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనం. అది వరంగల్, ఖమ్మం వైపు రెండు మూడు రోజులు గట్టిగా కురిపిస్తే చాలు, కరువు ఏడాదిలోనూ మున్నేరు పొంగుతుంది. 2009 కూడా అంతే. దేశంలో 22 శాతం లోటు. అక్టోబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు.

అందుకే నా విన్నపం. ఎల్‌నినో వార్త వింటే ఏ పంట వేయాలో, ఎంత అప్పు చేయాలో ఆలోచించుకోండి. వరద జాగ్రత్త మాత్రం మానకండి. మోటారు ఎప్పుడు పైకి తేవాలో జూన్ వార్త చెప్పదు, ఆ వారం వాతావరణ శాఖ హెచ్చరిక చెబుతుంది.

మన బడి ఆవరణలో ఒక వానమాపకం పెడదాం. ఖర్చు నాది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లలు కొలిచి నల్లబల్ల మీద రాస్తే, మన వాన లెక్క మన దగ్గరే ఉంటుంది.

మా తమ్ముడు ఇప్పుడు నన్ను వాన గురించి అడగడం లేదు. తన కొడుకు ఫోనులో హెచ్చరికలు చదివి వినిపిస్తున్నాడట. అదే మంచిది.