తూర్పు కనుమల పూర్వచరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



పూర్వము పర్వతములకు రెక్కలుండెడివనియు, అవి యథేచ్ఛగా ఎగిరి ఊళ్లపై వ్రాలుచుండగా ఇంద్రుడు వజ్రాయుధముతో ఆ రెక్కలను ఖండించెననియు పురాణములు చెప్పుచున్నవి. మైనాకు డొక్కడే సముద్రమున దాగి రెక్కలు దక్కించుకొనెనట. కొండ కదలదనుట లోకానుభవము, కదలెడిదనుట పురాణము. ఈ రెంటిలో పురాణమే సత్యమునకు కొంత చేరువగా నున్నదని నేటి భూగర్భశాస్త్రము తేల్చినది. అయితే కదలునవి కొండలు కావు, కొండలను మోయు ఖండములు.

జర్మను దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో ఈ మాట చెప్పినప్పుడు పండితులలో చాలమంది పరిహసించిరి. ఖండములను నెట్టు బలమేదో ఆయన చూపలేకపోయెను. 1930లో గ్రీన్‌లాండు మంచులో మరణించునాటికి అది ఓడిన వాదముగానే యుండెను. 1960 తరువాత సముద్రగర్భ పరిశోధనల వలన అచ్చట క్రొత్తనేల పుట్టుచు ఇరుప్రక్కలకు జరుగుచున్నదని తెలియవచ్చెను. భూమి పైపెంకు ఒక్క ముక్క కాదు, పెక్కు పలకలు. అవి ఏటికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే జరుగును. చేతిగోరు పెరుగు వేగము ఎంతయో ఇంచుమించు అంతయే.

రెండు ఖండముల నడుమ సముద్రమున్నదనుకొనుడు. సముద్రపు అడుగురాయి బరువైనది గనుక అది ఒక ఖండము క్రిందికి దిగిపోవుచుండును. సముద్రము ఇరుకై, తుదకు మాయమై, ఖండములు రెండును ఎదురుబడును. ఖండపురాయి తేలిక, అది లోనికి దిగదు. కాగిన పాలపై మీగడను రెండువైపుల నుండి నెట్టినట్లు మడతలు పడి, ఒకదానిపై నొకటి ఎక్కి, దళసరి యగును. నీటిలో తేలు దుంగ లావైనకొలది మునిగిన భాగమే ఎక్కువగును గదా! అట్లే మహాపర్వతమునకు క్రింద వేరు వంటి భాగమొకటి ఏర్పడును. కంటికి కనబడు శిఖరముకంటె కనబడని ఆ వేరే పెద్దది.

ఈ పని కన్నులయెదుట జరుగుచున్న చోటు హిమాలయము. సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట భారత ఖండము ఆసియాను తాకినది. నడుమ నున్న సముద్రపు అడుగు మడతపడి పైకి లేచినది. 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరపు సున్నపురాతిలో సముద్రజీవుల అవశేషములు దొరకుట అందువలననే. ఆ త్రోపుడు ఇంకను ఆగలేదు. 2015 ఏప్రిల్ 25న నేపాళములో భూమి కంపించి సుమారు 9,000 మంది మరణించుటకు కారణ మదియే.

ఇక విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలవారు పొలమునకు పోవుచు నిత్యము చూచు కొండలయెదుట హిమాలయము పసిబిడ్డ. తూర్పు కనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరములును 1,700 మీటర్లకు లోబడినవే. ఎత్తు చూచి గొప్ప నిర్ణయించువారు వీనిని గుట్టలని తీసివేయుదురు. అది పొరపాటు. ఇవి గుట్టలుగా పుట్టినవి కావు. మహాపర్వత మొకటి అరిగిపోగా మిగిలిన దాని వేళ్లు.

సాక్ష్యము రాతిలోనే కలదు. సింహాచలము కొండ, కైలాసగిరి, డాల్ఫిన్స్ నోస్, వీనియందు గోధుమవన్నె రాయి ఎర్రని చుక్కలతో కనబడును. దానిని ఖోండలైటు అందురు. 1902లో వాకరను శాస్త్రజ్ఞుడు ఆ కొండలలో నివసించు ఖోండు జాతివారి పేర దానికి నామకరణము చేసెను. కోణార్క సూర్యాలయము ఈ రాతితో కట్టినదే. దీని తోడిది నల్లని చార్నొకైటు. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిపై నున్న రాతినుండి 1893లో హాలండ్ ఆ పేరు పెట్టెను. కోట్ల సంవత్సరముల కొండరాతికి ఒక కుంపిణీ వర్తకుని పేరు దక్కుట వింతయే! రోడ్డు కంకరకు కొట్టు నల్లరాయి చాలచోట్ల ఇదియే.

ఖోండలైటు మొదట రాయి కాదు, సముద్రపు అడుగున పేరుకొన్న బంకమట్టి. కుమ్మరి ఆవములో మట్టి కుండయైనట్లు అది భూగర్భమున కాలి రాయియైనది. ఎర్రచుక్కలు గార్నెట్ స్ఫటికములు. ఈ కొండలలో కొన్నిచోట్ల రాయి 900 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిలో, సుమారు 25, 30 కిలోమీటర్ల లోతున పక్వమైనదని ఆ స్ఫటికములనుబట్టి లెక్కకట్టిరి. అంత లోతునకు మట్టిని దించినది ఖండముల ఢీయే.

మరి అది పైకెట్లు వచ్చినది? వాన, ఎండ, గాలి, ఏరు కలిసి శిఖరమును రేణువు రేణువుగా కొనిపోయినవి. సరుకు దించినకొలది పడవ నీటిపై లేచునట్లు, పై బరువు తరిగినకొలది అడుగురాయి పైకి వచ్చినది. నేడు మేకల కాపరి కూర్చుండు బండపై ఒకప్పుడు అన్ని కిలోమీటర్ల మందమున రాయి యుండెను.

కాలమును చెప్పునది జిర్కాన్ అను సూక్ష్మస్ఫటికము. అందలి యురేనియములో సగము సీసముగా మారుటకు 447 కోట్ల సంవత్సరములు పట్టును; ఎంత మారినదో కొలిచినచో వయస్సు తేలును. గోదావరికి ఉత్తరమున ఈ పాకము సుమారు 100 కోట్ల సంవత్సరముల నాటిది. దక్షిణమున ఒంగోలు వైపున అంతకంటె పాతది, సుమారు 160 కోట్ల నాటిది. ఒకే వరుసగా కనబడు కనుమలు ఒకే పర్యాయము పుట్టలేదన్నమాట! పడమట ధార్వాడ, బస్తరు ఖండభాగములు అప్పటికే 250 కోట్ల వయస్సు గలిగి గట్టిపడియుండెను. తూర్పున బంగాళాఖాతము లేదు, అంటార్కిటికా యుండెను. ఆ మంచుఖండమున మాసన్ తీరమునందు అదే వయస్సు గల చార్నొకైటు నేటికిని కలదు. ఆ రెండు ఖండములు విడిపోయి సుమారు 13 కోట్ల సంవత్సరము లైనది. పర్వతమొకటి రెండుగా చీలి, సగము విశాఖవైపున, సగము మంచుక్రింద మిగిలినది.

అనంతగిరి, గాలికొండలపై వాననీరు యుగములతరబడి ఖోండలైటును కుళ్లజేయగా బాక్సైటు ఏర్పడినది. దానిని త్రవ్వవలెనా, గిరిజనుల ఊళ్లను, ఊటలను కాపాడవలెనా యను వివాదము చిరకాలము నడచినది. అల్యూమినియము అక్కరకు రాదని ఎవరును అనజాలరు. కాని ఆ ఎర్రని పొరను ఒకసారి కొల్లగొట్టినచో దానిని తిరిగి పేర్చుటకు ఏ ప్రభుత్వమునకును వ్యవధి చాలదు.

భీమునిపట్టణము తీరమున అల వెనుదిరిగినప్పుడు ఇసుకపై ఎర్రని చారలు మిగులును. ఖోండలైటు అరిగి రాలిన గార్నెట్ రేణువులవి. బొర్రాగుహల మీదుగా అనంతగిరినుండి దిగు గోస్తని అచ్చటనే సముద్రమున కలియును. వానకాలమున ఆ నీరు ఎర్రగా నుండును.