సదరం పత్రం, ఆటో ఖర్చు



2024 జూలై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. అందులో కేంద్రం ఇచ్చేది ఇప్పటికీ 300, అదీ వైకల్యం 80 శాతం ఉంటేనే. పెంచినందుకు సంతోషమే. అయితే 2025లో సదరం పత్రాల పునఃపరిశీలన మొదలైంది. 40 శాతం లోపు తేలితే నోటీసు. అనర్హులను ఏరడం తప్పనను. కానీ రేపల్లె వైపు నా పాత విద్యార్థి ఒకడున్నాడు. పుట్టుకతోనే కాలు వంకర. నడక మారలేదు, శాతం మాత్రం తగ్గింది! అప్పీలుకని వాళ్లమ్మ రెండుసార్లు కూలి మానుకుంది, ఆటోకు అప్పు చేసింది. తెనాలిలో, బాపట్లలో తల్లులూ ఇదే చెప్పారు.

బియ్యం, బట్టలు ఇస్తున్నాం, ఇద్దాం. ఈ ఏడు ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషికీ, బండికీ కొంత పక్కన పెట్టమని అడుగుతున్నాను. ఆ అబ్బాయి అప్పీలు ఇంకా తేలలేదు.