గగనవీక్షణకు కెమెరా ఎంపిక: గ్రాముల లెక్క
(పాఠశాల సైన్సు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దూరనియంత్రిత హెలికాప్టరుకు కెమెరా అమర్చి, పైనుండి చలనచిత్రం తీయాలన్న కోరిక నేటి విద్యార్థులలో విస్తారంగా కనిపిస్తున్నది. ఆ కోరిక ఇంట్లో చర్చకు వచ్చి, తండ్రో తల్లో పిల్లవానిని వెంటబెట్టుకొని అంగడికి వెళ్లినప్పుడు మొదట వినిపించే మాట "ఎన్ని మెగాపిక్సెళ్లు?" అన్నది. ఆకాశంలోకి ఎక్కించే కెమెరా విషయంలో ఆ ప్రశ్న చివరిది కావాలి. మొదట అడగవలసినది "ఎన్ని గ్రాములు?" అని.

ఈ గ్రాముల లెక్క కొత్తది కాదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు సమీపాన క్రోన్‌బెర్గు పట్టణంలో మందుల దుకాణం నడిపిన జూలియస్ నాయిబ్రోనర్ పావురం ఎదకు కట్టే చిన్న కెమెరాను రూపొందించి, 1907లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1908లో దానిని పొందాడు. పావురం సుమారు 75 గ్రాములకు మించి మోయలేదని ఆయన కనుగొన్నాడు. కనుక కెమెరానే ఆ హద్దులోనికి కుదించాడు. పావురాన్ని పెద్దది చేయడం ఎవరి తరమూ కాదు కదా! నేటి పిల్లలు మాత్రం ముందు బరువైన కెమెరాను కొని, ఆ తరువాత దానిని మోయగల హెలికాప్టరు కోసం మళ్లీ తల్లిదండ్రుల వద్దకు వస్తారు.

హెలికాప్టరు గాలిలో నిలవడానికి దాని రోటరు ప్రతిక్షణమూ మొత్తం బరువును మోస్తూనే ఉండాలి. విమానానికి ఉన్నట్లు ఆనుకొని సాగిపోయే స్థిరమైన రెక్క దీనికి లేదు. బరువు పెరిగినకొద్దీ మోటారు ఎక్కువ విద్యుత్తును లాగుతుంది, బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది, చేతిలోని నియంత్రణ పరికరం చెప్పిన మాటకు యంత్రం ఆలస్యంగా లొంగుతుంది. పైగా పెట్టె మీద అచ్చువేసిన బరువు అసలు బరువు కాదు. కెమెరా బ్యాటరీ, జ్ఞాపక కార్డు, బిగించే చట్రం, అదురును పీల్చుకొనే రబ్బరు దిమ్మెలు, తీగలు, దృశ్యాన్ని నేలకు పంపే చిన్న ప్రసారిణి, వీటన్నిటినీ కలిపి వంటింటి త్రాసు మీద పెట్టి చూడవలసిందే. ఆ పని అంగడిలో కాక ఇంట్లో, కొనకముందే కాగితం మీద జరిగితే ఇంకా మంచిది.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. హెలికాప్టరు గరిమనాభి ప్రధాన రోటరు ఇరుసు కిందనే ఉండాలి. కెమెరాను ముక్కు వద్ద బిగిస్తే యంత్రం ముందుకు వాలుతుంది. తోకకు ఇనుపముక్క కట్టి సరిచేయడం చాలామంది చేసే పని. అది మోయవలసిన బరువును ఇంకా పెంచుకోవడమే. బ్యాటరీని కొద్దిగా వెనుకకు జరిపితే చాలు. కొత్త కెమెరాను మొదటి రోజే గాలిలోకి పంపనూ కూడదు. అంతే బరువున్న బంకమట్టి ముద్దను పాలిథీన్ సంచిలో చుట్టి, కెమెరా స్థానంలో బిగించి, నాలుగైదు మార్లు ఎగరవేసి చూడాలి. పడితే మట్టి పడుతుంది.

ఇక అదురు సంగతి. మధ్యస్థ పరిమాణం గల నమూనా హెలికాప్టరు రోటరు నిమిషానికి సుమారు 2,000 చుట్లు తిరుగుతుంది, అనగా సెకనుకు 30కి పైగా. ఆ కంపనం చట్రం గుండా కెమెరాకు చేరుతుంది. చౌక కెమెరాలలో చాలా వరకు దృశ్యాన్ని ఒక్కసారిగా గ్రహించవు. పై వరుస నుండి కింది వరుస వరకు ఒకదాని తరువాత ఒకటిగా చదువుకుంటూ వస్తాయి. కదులుతున్న బల్ల మీద పలక పెట్టి పిల్లవానిచేత అడ్డగీతలు గీయిస్తే ఏమవుతుంది? ఒక్క గీత కూడా తిన్నగా రాదు. అదే విధంగా పాఠశాల భవనం గోడలు తెరమీద జున్నుముక్క వలె వణుకుతూ కనిపిస్తాయి. మెగాపిక్సెళ్లు ఎన్ని ఉన్నా ఈ లోపం పోదు, మరింత స్పష్టంగా కనిపిస్తుందంతే. దృశ్యమంతా ఒకే క్షణంలో గ్రహించే కెమెరాలు ఉన్నాయి. వాటి ధర ఎక్కువ. అవి దొరకనప్పుడు రోటరు రెక్కల తూకాన్ని సరిచూడడం, మెత్తని దిమ్మెల మీద కెమెరాను నిలపడం మొదటి చికిత్స.

ఈ విషయంలో మానవజాతి చేసిన అత్యంత జాగ్రత్తైన ఎంపిక భూమి మీద జరిగినా, దాని పరీక్ష భూమి మీద జరగలేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అంగారక గ్రహానికి పంపిన 'ఇన్‌జెన్యూటీ' హెలికాప్టరు 2021 ఏప్రిల్ 19న అక్కడి నేల నుండి 3 మీటర్లు పైకి లేచి, 39 సెకన్ల ప్రయాణం ముగించి దిగింది. దాని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్ మదనపల్లె చేరువలోని ఋషివ్యాలీ పాఠశాలలోనూ, తరువాత మద్రాసు ఐ.ఐ.టి.లోనూ చదివినవారు. ఆ యంత్రం మొత్తం బరువు భూమి మీద తూచితే 1.8 కిలోగ్రాములు. అంగారకుని గాలి సాంద్రత మన గాలిలో సుమారు నూటికి ఒక వంతు మాత్రమే కనుక, అక్కడ ప్రతి గ్రామూ వేయి కళ్లతో చూడవలసినదే.

అంత పొదుపులోనూ వారు ఒకటి కాదు, రెండు కెమెరాలు ఎక్కించారు. ఒకటి 1.3 కోట్ల పిక్సెళ్ల రంగుల కెమెరా, దిగంతం వైపు చూసేది. పత్రికలలో అచ్చయిన అందమైన చిత్రాలు దానివే. రెండవది కేవలం 640కి 480 పిక్సెళ్ల నలుపు తెలుపు కెమెరా, నేలనే చూసేది, దృశ్యమంతా ఒకే క్షణంలో గ్రహించేది, సెకనుకు 30 చిత్రాలు తీసేది. అంగడిలో ఎవరూ చేయి చాపని రకం. అయితే భూమి నుండి అంగారకునికి సంకేతం చేరడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. ఇక్కడ కూర్చొని నడపడం అసాధ్యం. ముందుగా అందిన ఆదేశాల ప్రకారం హెలికాప్టరు తన దారి తానే చూసుకోవాలి. ఆ దారి చూపినది ఈ చిన్న కన్నే.

2021 మే 22న, ఆరవ ప్రయాణంలో, ఆ చిన్న కెమెరా పంపిన వరుసలో ఒకే ఒక చిత్రం జారిపోయింది. ఆ తరువాతి చిత్రాలన్నిటికీ తప్పుడు సమయాలు అంటుకున్నాయి. తాను ఎక్కడ ఉన్నదీ సరిగా తెలియక హెలికాప్టరు ముందుకు వెనుకకు ఊగిపోయింది. అదృష్టవశాత్తు దిగవలసిన చోటికి 5 మీటర్లలోపే దిగింది. ఐదు ప్రయాణాలకని ఉద్దేశించిన యంత్రం మొత్తం 72 చేసింది. 2024 జనవరి 18న, ఆనవాళ్లు లేని నున్నని ఇసుక మీదుగా ఎగిరినప్పుడు, ఆ కెమెరాకు గుర్తుపట్టడానికి నేల మీద ఏమీ దొరకలేదు. ఆ దిగుబాటులో రెక్కలు విరిగాయి, మరి ఎగరలేదు. రంగుల కెమెరా చెడిపోతే చిత్రాలు పోయేవి. చిన్న కెమెరా తడబడితే హెలికాప్టరే పోయింది.

పిల్లలకు అడగవలసిన ప్రశ్న దీని నుండి తేలుతుంది: ఈ కెమెరా ఏ పని చేయాలి? నేల మీద నిలబడి నడిపేవారికి దారి చూపడమే పనైతే కొద్ది గ్రాముల బరువున్న చిన్న పలక కెమెరా చాలు. దాని చిత్రం దాచుకోదగినంత అందంగా ఉండదు, ఉండనక్కరలేదు. వార్షికోత్సవాన్ని చిత్రించి దాచుకోవాలంటే క్రీడాకారులు శిరస్త్రాణానికి తగిలించుకొనే రకం కెమెరా తగినది. 2012లో వచ్చిన గోప్రో హీరో 3 బరువు సుమారు 74 గ్రాములే. అయితే దాని విశాల కటకం అంచుల వద్ద తిన్నని గోడను విల్లు వలె వంచుతుంది. దూరాన్ని బట్టి కటకం తనంతట తాను ముందుకు వెనుకకు జరిగే కెమెరా గాలిలో తికమకపడుతుంది, స్థిరకటకం మేలు. కెమెరాను మూడు దిశలలోనూ నిలకడగా ఉంచే మోటారు ఊయల చిత్రాన్ని అద్భుతంగా మారుస్తుంది కాని, దాని బరువునూ మోయవలసినది హెలికాప్టరే.

ఇప్పుడు తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలసిన మాట. 70 సెంటీమీటర్ల రెక్క నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. పదవ తరగతి విద్యార్థులు ఈ లెక్కను ఇంటివద్ద చేసి చూడవచ్చు. 2013లో న్యూయార్క్ నగరంలో, తాను ఎగురవేస్తున్న నమూనా హెలికాప్టరే తగిలి 19 ఏళ్ల యువకుడు ప్రాణం కోల్పోయాడు. కెమెరా బరువు పెరిగితే హెలికాప్టరు పెద్దదవుతుంది, రెక్క పొడవవుతుంది. పడే బరువు సంగతీ అంతే. గాలి నిరోధాన్ని లెక్కించకుంటే 40 మీటర్ల ఎత్తు నుండి పడిన వస్తువు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. 250 గ్రాముల వస్తువుకూ కిలో వస్తువుకూ వేగం ఒకటే. దెబ్బలోని శక్తి మాత్రం నాలుగు రెట్లు. ప్రార్థన సమయంలో బారులు తీరిన పిల్లల తలల మీదుగా చిత్రం తీయాలన్న ఆలోచనను, ఎంత మంచి కెమెరా అయినా, మొగ్గలోనే త్రుంచవలెను. మైదానం అంచున ఎగరవేసి వాలుగా చూస్తే వరుసలు ఇంకా అందంగానే కనిపిస్తాయి.

ప్రభుత్వ నిబంధనలు కూడా బరువు మీదనే ఆధారపడ్డాయి. 2021 ఆగస్టు డ్రోన్ నిబంధనల ప్రకారం కెమెరాతో సహా 250 గ్రాములకు మించనిది నానో తరగతి, ఆపై 2 కిలోల వరకు మైక్రో తరగతి. నానోకూ, వ్యాపారానికి కాని మైక్రోకూ నడిపేవారి ధ్రువపత్రం అక్కరలేదు. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు, విమానాశ్రయ ప్రహరీ నుండి 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగుల వరకు విడిగా అనుమతి లేకుండా ఎగరవచ్చు. తమ ఊరు ఏ మండలంలో ఉన్నదో డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి. విదేశాలలో స్థిరపడిన పూర్వవిద్యార్థులు ప్రేమతో పూర్తి డ్రోన్‌ను పంపదలచుకుంటే, 2022 ఫిబ్రవరి 9న దాని దిగుమతిని ప్రభుత్వం నిషేధించిన సంగతి గుర్తుంచుకోవాలి. విడిభాగాలకు ఆ నిషేధం వర్తించలేదు. ఒక మంచి చిన్న కెమెరా, నాలుగు రబ్బరు దిమ్మెలు, ఒక గ్రాముల త్రాసు పంపితే సైన్సు సంఘానికి చాలాకాలం పనికివస్తాయి.