సరస్సు తీరమున శేషజీవితము



కొలువు ముగిసిన పిమ్మట కాపురము ఎచ్చట అను ప్రశ్న ఢిల్లీలో పనిచేయు తెలుగు ఉద్యోగుల ఇండ్లలో ఏదో యొకనాడు వినబడక మానదు. స్వగ్రామమందలి ఇల్లు అన్నదమ్ముల పంపకములలో పోయియుండును. బిడ్డలు తలకొక పట్టణమున స్థిరపడియుందురు. సర్కారు క్వార్టరు ఖాళీచేయవలసిన గడువు దగ్గరపడుచుండును. ఢిల్లీ వేసవి వడగాడ్పులను, కార్తీకమాసమున కమ్ముకొను పొగను వార్ధక్యమున భరించుట కష్టము. అట్టి వేళ, ఒకప్పుడు సెలవులలో చూచివచ్చిన కొండపట్టణ మొకటి మనసున మెదలును.

పదవీవిరమణకు ఆరునెలల దూరమున నున్న ఒక ఉద్యోగిని, ఆయన భార్యను ఉదాహరణముగా గైకొనవచ్చును. ఆయన మనసు పడినది కుమావూ కొండలలోని నైనీతాల్ మీద. ఆయన చూపు కారణములు తేలికైనవి కావు. అచ్చటి సరస్సు సముద్రమట్టమునకు సుమారు 1,940 మీటర్ల ఎత్తున నున్నది. జ్యేష్ఠమాసమున ఢిల్లీ మండిపోవుచుండగా అచ్చట సాయంకాలము చల్లనిగాలి వీచును. సరస్సు చుట్టుకొలత సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఉదయపు నడకకు సరిపడు దూరము. 1884లో కాఠ్‌గోదాము వరకు వచ్చిన రైలుదారి నేటికిని ఢిల్లీవారిని ఒక్కరాత్రిలో కొండ పాదమునకు చేర్చుచున్నది. అటుపై సుమారు 35 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు.

ఇల్లాలు అంతయు విని అడిగిన దొక్కటే: "ఏమండీ, జనవరి చలిలో పాలకోసం ఆ మెట్లన్నీ దిగి ఎక్కేదెవరు?"

ఈ చిన్న ప్రశ్నలో పెద్ద విషయమే యున్నది. మల్లీతాల్, తల్లీతాల్ అను రెండు కొసల నడుమ సరస్సు వెంట పోవు బాట చదునైనదే. కాని ఇండ్లు పెక్కులు ఏటవాలు మీద, మెట్లదారుల వెంట నుండును. ఢిల్లీలో నడకదూరమున నున్న ఆరోగ్యపథకపు వైద్యశాల కొండమీద దొరకునని తలపరాదు. ఆ వసతి లేనిచోట నివసించు పింఛనుదారుల వైద్యభత్యము 2017లో నెలకు 500 నుండి 1,000 రూపాయలకు పెరిగినది. అది నిత్యపు మందులకు ఆసరాయే. పెద్ద జబ్బు చేసినచో ప్రభుత్వ వైద్యకళాశాల యున్న హల్ద్వానీకి కొండ దిగవలసినదే.

శరీరము సంగతి అట్లుండగా, కొండ సంగతియు చూడవలెను. దూరపు కొండలు నునుపని పెద్దలన్నారు. 1880 సెప్టెంబరు 18వ తేదీన, ఎడతెగని వానల పిమ్మట, షేర్-కా-దండా కొండచరియ విరిగిపడి 151 మంది మరణించిరి. నైనాదేవి ఆలయము నేలమట్టమై, తరువాత మరల నిర్మింపబడినది. నేడు యాత్రికులు విహరించు మైదానము నాటి శిథిలములతో విస్తరించినదే. ఆ ఉపద్రవము పిదప వాననీరు కొండలో ఇంకి మట్టిని జార్చకుండుటకై కాలువలు కట్టించిరి. కొండ నిలకడ ఆ కాలువల శుభ్రతను బట్టి యుండును. 2018 ఆగస్టులో సరస్సు నంటియున్న దిగువ మాల్ రోడ్డులో కొంతభాగము నీటిలోనికి కుంగినది. కావున ఇల్లు వెదకువారు కిటికీనుండి సరస్సు కనబడునా అని అడుగుటకు ముందు, ఇంటి వెనుక కాలువ ఎటు పోవుచున్నదని అడుగుట మేలు.

ఇక సరస్సు. చూడవచ్చినవారికి అది పడవల షికారు. ఊరివారికి త్రాగునీటి కుండ. ఊరి మురుగు చేరి అడుగునీటిలో ప్రాణవాయువు క్షీణించుటచే, 2007 నుండి గొట్టములద్వారా గాలి నెక్కించుచు వచ్చిరి. 2017 వేసవిలో నీటిమట్టము మిక్కిలి దిగజారి, ఒడ్డున మేటలు బయటపడినవి. వానకాలమున నిండి, భూగర్భమార్గమున ఈ సరస్సునకు నీరందించు సూఖాతాల్ పరిసరములలో కట్టడములు పెరుగుటయు ఒక కారణమని పరిశీలకులు చెప్పిరి. క్రొత్తగా పోవు ప్రతి కుటుంబమును ఆ కుండలోనే చెంబు ముంచవలెను. చోటున్నదా అను ప్రశ్న మనకే కాదు, ఆ ఊరికిని సంబంధించినది.

మనుషుల మాట చివరిది గాని చిన్నది కాదు. తెలుగు పలుకు వినబడని ఊరిలో ముదిమి గడచునా యని ఇల్లాలి సందేహము. దానికి సమాధానము సంక్రాంతినాడు కొంత దొరకును. మన పిల్లలు భోగిమంటకై గొబ్బిపిడకల దండలు గ్రుచ్చునట్లే, కుమావూ పిల్లలు తీపిపిండి వంటకముల దండలు మెడలో వేసికొని కాకులను పిలుతురు. దండ గ్రుచ్చుట వచ్చినవారు అచ్చట పూర్తిగా పరాయివారు కాబోరు. అయినను పొరుగువారి పండుగ చూచుటకు పోవుట వేరు, పొరుగువారై నిలుచుట వేరు. పొరుగువాడైనవాడు ఊరి నీటియెద్దడిలోను పాలు పంచుకొనవలెను.

తర్కము ముగిసినప్పుడు ఆ దంపతులు కొనుగోలు మాట విడిచిరి. బయటివారి భూమి కొనుగోలుపై ఉత్తరాఖండ రాష్ట్రము విధించిన నిబంధనలు కలవు. క్రొత్త కట్టడము కొండకు బరువే. ఆషాఢమున పోయి, మెట్లు తక్కువగా నున్న పాత ఇంట అద్దెకుండి, ఒక వానకాలమును ఒక చలికాలమును చూచి, మాఘమున నిర్ణయించుకొనవలెనని ఒడంబడిక. యాత్రికులు లేని నెలలలో ఊరు తన నిజరూపమును చూపును.

అప్పటికిని పాలు తెచ్చుటకు ఆయనయే దిగవలెనని ఇల్లాలు షరతు పెట్టినది. ఆయన ఒప్పుకొనెను.