నూనె ప్యాకెట్లు ఎన్ని?

 

పోషకాహార పట్టభద్రులారా, రేపటి నుంచి మీ ముందు కూర్చునేవారిలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారూ ఉంటారు. వారిని నెయ్యి తినమనో మానమనో చెప్పే ముందు, ఒంట్లో కొవ్వు ఎక్కడుందో చూడండి.

2004 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో చాలామందికి ఇచ్చిన స్టావుడిన్ ప్రాణాలు నిలిపింది. కానీ ఎందరికో బుగ్గలు లోపలికి పోయాయి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయి నరాలు తేలాయి, కొందరికి పొట్ట మాత్రం పెరిగింది. ఎవరికీ చెప్పుకోని జబ్బును ముఖమే ఊరికి చెప్పేసేది. బుగ్గలు పూడాలని నెయ్యి, మీగడ తిన్నా ఫలితం ఉండదు. ఆ మందు చర్మం కింది కొవ్వు కణాల్లోని మైటోకాండ్రియాను దెబ్బతీసింది. అదనంగా తిన్నది పొట్టకీ రక్తానికీ చేరుతుంది తప్ప బుగ్గలకు కాదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును క్రమంగా మాన్పించమంది. ఆనాటి ముఖాలతో ఇప్పటికీ వచ్చేవారుంటారు, వారిని తిండి సరిగా తినడం లేదని మందలించకండి.

ఇప్పుడు గండం గుండెకు. వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గినా రక్తనాళాల్లో ఇన్‌ఫ్లమేషన్ పూర్తిగా పోదు. మన దేశంతో సహా 12 దేశాల్లో హెచ్‌ఐవీ ఉన్న 7,769 మందిపై చేసిన రిప్రీవ్ అధ్యయనం 2023లో వెలువడింది. కొలెస్ట్రాల్ తగ్గించే పిటావాస్టాటిన్ మాత్ర వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. మాత్ర రాయడం డాక్టరు పని. వంటగది సంగతి మీది.

అందుకే కొలెస్ట్రాల్ రిపోర్టుతో పాటు ఇంకోటి అడగండి: ఇంట్లో ఎంతమంది, నెలకు నూనె ప్యాకెట్లు ఎన్ని? పూరీలు వేయించిన నూనె మర్నాడు కూరలోకి వెళుతోందా? 2022 నుంచి నూనెల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదన్న నియమం ఉంది. పదేపదే మరిగి నల్లబడ్డ బజ్జీల మూకుడు మాత్రం ఆ లెక్కలోకి రాదు. కానగంత చేపలు దొరికే తీరంలో చేపనూనె మాత్రలు కొనిపించకండి. క్షయ నుంచి కోలుకుంటున్న బక్కమనిషి వస్తే ఇదంతా పక్కన పెట్టి వేరుశనగలు, గుడ్డు, అన్నంలో ఇంకో చెంచా నూనె పెంచండి.

ఇంకొక్కటి. మీరిచ్చే డైట్ కాగితం వంటింటి గోడకు ఎక్కుతుంది, చుట్టాలు చదువుతారు. దాని మీద జబ్బు పేరు రాయకండి. 2017 హెచ్‌ఐవీ చట్టం ఆ గోప్యతను వారి హక్కుగా ఇచ్చింది.