సైరన్ దగ్గర ఎవరుంటారు?



పౌరసంబంధాలు చదివి ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీతో మాట్లాడమన్నారు కాబట్టి, మన వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని గురించే మాట్లాడతాను. ఆపద వచ్చిన మొదటి గంటలో నోరు విప్పడం.

2020 మే 7, విశాఖపట్నం, ఆర్.ఆర్. వెంకటాపురం. లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి ఆగిపోయిన ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో, ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి తెల్లవారుజామున ఆవిరై బయటికొచ్చింది. చుట్టుపక్కల వాళ్లంతా గాఢనిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. తర్వాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చాలా లోపాలు ఎత్తిచూపింది. వాటిలో ఒకటి నేరుగా మనకు సంబంధించింది. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది. ఆ రాత్రి దాన్ని ఎవరూ మోగించలేదు.

సైరన్ అంటే ఇంజనీర్ల వ్యవహారమని మనవాళ్లు వదిలేస్తారు. నేను ఒప్పుకోను. ఆ రాత్రి ఆ ఇళ్లకు చేరాల్సిన మొట్టమొదటి సమాచారం అదే. తెల్లారాక ఎంత చక్కటి పత్రికా ప్రకటన ఇచ్చినా అది నిద్రలో ఉన్న మనిషిని లేపలేదు కదా. అదే రోజు రాత్రి గ్యాస్ మళ్లీ లీకవుతోందన్న మాట పాకింది. ఎంత దూరం ఖాళీ చేయాలో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ఖాళీ చేయాల్సిన అవసరం లేని పేటల వాళ్లు కూడా పిల్లల్ని తీసుకుని రోడ్డెక్కారు. ఒకే రోజులో రెండు సార్లు మాట దెబ్బతింది: తెల్లవారుజామున అసలు రాలేదు, రాత్రి పది రకాలుగా వచ్చింది.

ఇదంతా మీ పాఠాల్లో ఉంది. త్వరగా చెప్పాలి, నిజమే చెప్పాలి, ఒకే గొంతుతో చెప్పాలి అని పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నారు. అయితే కాగితం మీద తెలిసింది మైకు ముందు నోటికి రాదు. అందుకే ఈ శాఖలో మీతో చేయించిన మాక్ ప్రెస్‌మీట్లను మీ పట్టాలో అన్నిటికన్నా విలువైన భాగంగా చూస్తాను. వాటిలో కొన్నిటికి పరీక్షకుడిగా వచ్చి కూర్చున్నాను.

ఒకటి చెబుతాను. బాయిలర్ పేలిందన్నది సన్నివేశం. కంపెనీ ప్రతినిధిగా నిలబడిన అమ్మాయి తెలివైనది, బాగా తయారై వచ్చింది. ప్లాంటు సామర్థ్యం, భద్రతా ధ్రువపత్రాలు, గత పదేళ్ల రికార్డు, అన్నీ ఫైల్లో ఉన్నాయి. మొదటి వాక్యమే "పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది" అన్నది. విలేకరుల వెనక నుంచి, కార్మికుడి భార్య పాత్ర వేసిన తోటి విద్యార్థిని లేచి, "మా ఆయన నైట్ షిఫ్ట్‌కి వెళ్లాడు. ఏ ఆసుపత్రిలో ఉన్నాడో చెప్పండి" అని అడిగింది. గదిలో నిశ్శబ్దం. అంత లావు ఫైల్లో ఆసుపత్రి పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. వారం తర్వాత అదే సన్నివేశం మళ్లీ చేయించారు. ఈసారి ఆ అమ్మాయి కుటుంబాలు ఫోన్ చేయాల్సిన నంబరుతో మొదలుపెట్టింది. తమకు తెలిసింది చెప్పింది, ఇంకా తెలియంది ఇదీ అని చెప్పింది, మళ్లీ గంటకు ఇదే చోట మాట్లాడతానంది. గంటకు వచ్చి మాట్లాడింది. ఏ ఉపన్యాసమూ ఈ మార్పు తేలేదు. ఆ ప్రశ్న ఆమెకు ఎదురుపడాలి, అంతే.

అభ్యాసంలోనే బయటపడే మరో గుణం, నెపం పక్కవాడి మీదికి నెట్టడం. నిజంగా జరిగిందే చూడండి: 2003 అక్టోబరులో ముంబయిలో క్యాడ్‌బరీ చాక్లెట్లలో పురుగులు కనిపించాయి. దీపావళి ముందు, సరిగ్గా అమ్మకాలు ఊపందుకునే రోజులు. దుకాణాల్లో సరిగా నిల్వ చేయకపోవడమే కారణమన్నది కంపెనీ మొదటి స్పందన. అందులో కొంత నిజమే ఉండొచ్చు. కానీ పొట్లం విప్పి పిల్లాడికిచ్చిన తల్లికి అది జవాబు కాదు. అమ్మకాలు పడిపోయాయి. తర్వాత కంపెనీ దుకాణదారులకు నిల్వ పద్ధతులు నేర్పింది, గట్టిగా సీలు వేసిన కొత్త ప్యాకింగ్ తెచ్చింది, 2004 మొదట్లో అమితాబ్ బచ్చన్‌తో ప్రకటన చేయించింది. నమ్మకం తిరిగొచ్చింది. అందరూ అమితాబ్‌నే గుర్తుపెట్టుకున్నారు. నా దృష్టిలో నిలబెట్టింది ఆ ప్యాకింగే. సరిదిద్దకుండా చెప్పే మాటకు బలం ఉండదు.

ఇక మళ్లీ సైరన్ దగ్గరికి వద్దాం. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత వచ్చిన 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం, భారీ ప్రమాదావకాశమున్న కర్మాగారాల్లో ఆరు నెలలకోసారి మాక్‌డ్రిల్ జరగాలి. బయటి ప్రాంతాన్ని కలుపుకుని అధికారులు ఏడాదికోసారైనా జరపాలి. చాలాచోట్ల ఇవి పట్టపగలు, ముందే తేదీ చెప్పి జరుగుతాయి. ఉద్యోగులు వరసగా నిలబడతారు, ఫొటో తీస్తారు, కాగితం ఫైల్లోకి వెళుతుంది. గోడకు అవతలున్న కాలనీకి ఆ సంగతే తెలియదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. ప్రాణాలు పోయాక రాసుకున్న నియమం ఫొటోకు పరిమితమైపోకూడదు.

మీలో కొందరు ఫార్మా కంపెనీలకు, రిఫైనరీలకు, ఆసుపత్రులకు, కలెక్టరేట్ల సమాచార విభాగాలకు వెళ్తారు. చేరిన మొదటి నెలలోనే అడగండి: సైరన్ ఎక్కడుంది? రాత్రి షిఫ్టులో దాన్ని మోగించే అధికారం ఎవరికుంది? ఆయన సెలవు పెడితే ఎవరికి? గోడ పక్క వీధిలో ఆ మోత విన్న వాళ్లకు ఎటు పరుగెత్తాలో తెలుసా? సమాధానాలు రాసి పెట్టుకోండి. తర్వాతి డ్రిల్ రాత్రిపూట పెట్టమని అడగండి. కాలనీ వాళ్లను, ఆశా కార్యకర్తను, స్థానిక విలేకరిని కూడా పిలవమనండి. హెచ్చరిక ప్రకటన ముందే తెలుగులో రాసి, మైకులో చదివించి, వీధి చివర నిలబడి వినండి. కొత్తగా వచ్చి ఇన్ని ప్రశ్నలా అని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంకొక్క కోరిక. వచ్చే ఏడాది ఇక్కడ మీ జూనియర్లు మైకు ముందు నిలబడతారు. వాళ్లను నిలదీసే విలేకరులు, కార్మికుల కుటుంబాలు, పక్క ఊరి సర్పంచ్ కావాలి. ఒక శనివారం వచ్చి ఆ పాత్రలు మీరు వేయండి. మీ ఉద్యోగంలో ఎదురైన ప్రశ్నల్లో అన్నిటికన్నా కష్టమైనది వెంట తెచ్చి వాళ్లను అడగండి.