ఇళ్లకు మేనేజరు, లెక్కకు మనం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో కట్టిన పై పోర్షనో, అమెరికాలో ఉన్న పిల్లలు కొన్న ఫ్లాటో ఉన్నది. నెల నెలా మెట్లెక్కి అద్దె అడిగే ఓపిక లేదు. మోటారు కాలిందని రాత్రి పదింటికి ఫోను వస్తుంది. అందుకని మేనేజరును పెట్టుకుందాం, అతని అండతో మరో రెండిళ్లు కొందాం అనే మాట ఈ మధ్య వినిపిస్తోంది. మేనేజరును పెట్టుకోవడంలో తప్పు లేదు. ఎలా పెట్టుకోవాలన్నదే నేను చెప్పదలచినది.

ముందుగా బ్రోకరు వేరు, మేనేజరు వేరు. బ్రోకరు మనిషిని తెచ్చి, కమిషను తీసుకుని వెళ్లిపోతాడు. మేనేజరు ఏడాది పొడుగునా ఉండాలి. ఇతనికి జీతం రావలసిన అద్దె మీద కాక, వసూలైన అద్దె మీద శాతంగా ఇవ్వండి. ఇల్లు ఖాళీగా ఉంటే అతనికీ నొప్పి తెలియాలి గదా! కొత్తగా ఎవరు దిగినా ఒక నెల అద్దె అదనం అని మాత్రం ఒప్పుకోకండి. అలా ఒప్పుకుంటే ఏడాదికోసారి అద్దెవాళ్లు మారుతూనే ఉంటారు.

అద్దె నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడాలి. అడ్వాన్సు కూడా అంతే. రిపేర్లకు మన ఆఫీసుల్లో ఉండే ఇంప్రెస్టు పద్ధతి మంచిది. రెండు మూడు వేలు అతని దగ్గర ఉంచి, ఓచర్లు చూపిస్తేనే తిరిగి నింపాలి. అంతకు మించిన పనికి ముందుగా అడగాలి. మోటారు మార్చానంటే పాత మోటారు ఏదని అడగండి. కోపం వస్తే రానివ్వండి.

ఇక కాగితాలు. ఏడాదికి మించిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల అగ్రిమెంట్ల వెనుక కథ అదే. అద్దెకివ్వడం, కరెంటు ఆఫీసుకు, మునిసిపాలిటీకి వెళ్లడం వరకే అధికారం రాసివ్వండి. అమ్మకం, తాకట్టు అనే మాటలు అందులో కనబడకూడదు. విదేశంలోని పిల్లలు అక్కడి భారత కాన్సులేటులో సంతకం చేసి పంపితే, పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

అన్నిటికంటె ముఖ్యం ఇంకొకటి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం యజమాని పోతే ఏజెంటు అధికారం కూడా పోతుంది. మన మిత్రుడొకరు పోయాక ఆయన భార్యకు తమ మూడు పోర్షన్లలో ఎవరున్నారో, ఎంత అడ్వాన్సు తీసుకున్నారో తెలియదు. మేనేజరు మాత్రం నెలల తరబడి వసూలు చేస్తూనే ఉన్నాడు. చివరకు ఆమె అద్దెవాళ్ల దగ్గరున్న రసీదులు ఒక్కొక్కటే చూసి జాబితా రాసుకోవలసి వచ్చింది. లెక్క అడగడం ఆమె హక్కు, చెప్పడం అతని బాధ్యత. కాని లెక్క లేని చోట హక్కు ఏం చేస్తుంది? ఇంటావిడ పేరు కూడా మొదటి రోజే ఒప్పందంలో రాయించండి. ఆమెనూ ఒకసారి పోర్షన్లకు తీసుకువెళ్లి చూపించండి.

ఆదాయపు పన్నులో మునిసిపల్ పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఉన్నది. మేనేజరు జీతానికి విడిగా ఏమీ లేదు. ఇంటి యజమాని విదేశంలో ఉంటే, అద్దె ఎంత చిన్నదైనా అద్దెవాడు పన్ను పట్టుకుని కట్టాలి. మేనేజరు ఆ సంగతి చూడాలి.

మరో ఇల్లు కొనడం సంగతి. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 20,000 వస్తుందనుకుందాం. ఒక నెల ఖాళీ పోతే 2,20,000. మేనేజరుకు 8 శాతం చొప్పున 17,600. పన్ను, సొసైటీ ఖర్చు, సున్నాలు కలిపి 32,400 అనుకుంటే మిగిలేది 1,70,000. అంటే నూటికి మూడు రూపాయలు కూడా లేదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పథకం వడ్డీ దాని పక్కన పెట్టి చూసుకోండి. స్థలం ధర పెరుగుతుందనేవారు పెరుగుదల కోసమే కొనండి, మందుల ఖర్చు కోసం కొనకండి. అప్పు చేసి మాత్రం ఈ వయసులో వద్దు.

ఒప్పందం నమూనా ఒకటి చేత్తో రాసి తెచ్చాను. కావలసినవారు టీ విరామంలో జిరాక్సు తీయించుకోవచ్చు. వకీలుకు చూపించాకనే సంతకం చేయండి.

సెలవు.